కూరగాయల బజారు, కరెంటాఫీసు, షాపింగ్ మాల్: సిడ్నీ విక్టోరియా భవనం ఎలా బతికింది?

సిడ్నీలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళ ఫోన్లలో ఒపేరా హౌస్, హార్బర్ బ్రిడ్జి తర్వాత ఇంకో ఫొటో దాదాపుగా ఉంటుంది. రాతి గోడలు, పైన రాగి గుమ్మటాలు, లోపల రంగు అద్దాల కిటికీలు, ఇనుప కమ్మీల వరండాలు. "ఇది రాణిగారి కోటా?" అని చూసినవాళ్ళు అడుగుతారు. "కాదండీ, షాపింగ్ మాల్" అనగానే సగం మందికి ఆసక్తి పోతుంది. మిగతా సగం మందికి ఒక సందేహం వస్తుంది: అది వారసత్వ కట్టడం అంటున్నారు కదా, మరి లోపల ఎస్కలేటర్లు, బట్టల షాపులు, కాఫీ హోటళ్ళు ఏమిటి? అలాంటి చోట మేకు కొట్టడానికైనా ఒప్పుకుంటారా?

సందేహం న్యాయమైనదే. జార్జ్ స్ట్రీట్‌లోని ఈ క్వీన్ విక్టోరియా బిల్డింగ్‌కు (అక్కడివాళ్ళకు పొట్టిగా క్యూవీబీ) 125 ఏళ్ళు దాటాయి. ఇన్నేళ్ళలో అది ఎన్ని వేషాలు మార్చిందో చూస్తే "కాపాడటం" అన్న మాటకు మనం అనుకునే అర్థం సరిపోదని తెలుస్తుంది.

పట్టికలో పేరుంటే ఏమవుతుంది?

ముందు మన అలవాటు సంగతి చెప్పుకోవాలి. వారసత్వ కట్టడం అనగానే మనకు చార్మినార్, గోల్కొండ గుర్తొస్తాయి. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. టికెట్ కొని లోపలికి వెళ్తాం, చూస్తాం, వచ్చేస్తాం. వాటిలో ఎవరూ కాపురం ఉండరు, దుకాణం పెట్టరు. 1958 నాటి చట్టం ప్రకారం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడా నిషేధం. అందుకే "వారసత్వం అంటే ముట్టుకోకూడనిది" అన్న ముద్ర మన మనసులో పడిపోయింది.

సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పద్ధతి వేరు. అక్కడ 1977లో హెరిటేజ్ చట్టం వచ్చింది. రాష్ట్రం మొత్తానికి ముఖ్యమైనవి అనుకున్న కట్టడాలకు ఒక వారసత్వ పట్టిక ఉంది. హెరిటేజ్ కౌన్సిల్ సిఫారసు చేస్తే మంత్రి ఆ పట్టికలో చేరుస్తారు. చరిత్ర, అందం, అరుదుదనం, జనానికి దానితో ఉన్న బంధం లాంటి కొలమానాలు ఉన్నాయి. పట్టికలో చేరినంత మాత్రాన ఆస్తి ప్రభుత్వానికి వెళ్ళిపోదు, యజమాని యజమానిగానే ఉంటాడు. కట్టడాన్ని వాడుకోవచ్చు, అద్దెకివ్వచ్చు, మార్పులు కూడా చేసుకోవచ్చు. కాకపోతే చేసే ముందు హెరిటేజ్ కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి. రోజువారీ శుభ్రం, చిన్నాచితకా మరమ్మతులకు మినహాయింపులు ఉంటాయి.

అంటే పట్టికలో పేరు ఉండటమంటే భవనానికి తాళం వేయడం కాదు, మార్పు చేసే ముందు "ఎందుకు?" అని అడిగే మనిషిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టడం.

ఇంకో చిక్కు కూడా ఉంది. నేషనల్ ట్రస్ట్ అని అక్కడ ఒక ప్రజా సంస్థ పనిచేస్తుంది. అది కూడా కట్టడాలకు తన వర్గీకరణ ఇస్తుంది. పత్రికల్లో రెండింటినీ కలిపి "హెరిటేజ్ లిస్టింగ్" అనేస్తుంటారు. కానీ ట్రస్ట్ వర్గీకరణకు చట్టబలం లేదు. దానికున్నది పరువు బలం. ఈ తేడాను గుర్తుంచుకుంటే ముందు రాబోయే తేదీలు తికమక పెట్టవు.

రాణి పేరు, కూరగాయల పని

ఇప్పుడు మాల్ ఉన్న చోట అంతకు ముందు జార్జ్ స్ట్రీట్ మార్కెట్ ఉండేది. పాతబడిన ఆ బజారు స్థానంలో కొత్తది కట్టాలని నగరపాలక సంస్థ అనుకుంది. సంస్థ ఆర్కిటెక్ట్ జార్జ్ మెక్‌రే ఒకే భవనానికి నాలుగు రూపాలు గీసి చూపించాడు: గోతిక్, రినైజాన్స్, క్వీన్ ఆన్, రోమనెస్క్. చివరికి రోమనెస్క్ నెగ్గింది. లావుపాటి రాతి గోడలు, వరసగా అర్ధవలయపు కమానులు ఆ శైలి గుర్తులు.

నిర్మాణం 1893లో మొదలైంది. ఆ ఏడాదే ఆస్ట్రేలియాలో బ్యాంకులు వరసగా తలుపులు మూసుకున్నాయి. రాతిపని వాళ్ళకు, పూతపని వాళ్ళకు, రంగు అద్దాలు చేసేవాళ్ళకు చేతిలో పని లేదు. కరువు రోజుల్లో చెరువు తవ్వించి కూలి ఇచ్చిన రాజుల కథలు మనకు తెలుసు కదా, ఇంచుమించు అదే పద్ధతిలో ఈ భవనం వాళ్ళకు పని చూపించింది. ఇంత అలంకారం ఒక సంతకు అవసరమా అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ అలంకారమే అప్పుడు కొన్ని వందల పొయ్యిలు వెలిగించింది.

1897లో విక్టోరియా గద్దెనెక్కి 60 ఏళ్ళు నిండాయి. బజారుకు ఆమె పేరు పెట్టారు. 1898 జులై 21న అప్పటి మేయర్ మాథ్యూ హారిస్ ప్రారంభించాడు. సుమారు 190 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పుతో నాలుగు వీధుల మధ్య దీవిలాంటి జాగాను అది ఒక్కటే ఆక్రమించింది. నడిమధ్యన పెద్ద గుమ్మటం: లోపల గాజు, బయట రాగి రేకు. చుట్టూ ఇంకో ఇరవై చిన్న గుమ్మటాలు.

నేలమాళిగలో కూరగాయలు, పండ్ల మార్కెట్. సరుకును కిందికి దించడానికి నీటి ఒత్తిడితో నడిచే లిఫ్టులు. పైన దర్జీలు, మంగలి షాపులు, పూల దుకాణాలు, పొగాకు వర్తకులు, పియానోలు సరిచేసేవాళ్ళు, చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళు. ఒక కచేరీ హాలు కూడా ఉండేది.

వాళ్ళందరిలో ఒక మనిషి దగ్గర కాసేపు ఆగాలి. మెయ్ క్వాంగ్ టార్ట్ చైనాలో పుట్టి, చిన్నపిల్లాడిగా ఆస్ట్రేలియా బంగారు గనుల ఊళ్ళకు వచ్చిన వర్తకుడు. చైనా వాళ్ళంటే పడని రోజుల్లో సిడ్నీ పెద్దమనుషులంతా అతని టీ హోటళ్ళకు వెళ్ళేవారు. 1898లో ఈ భవనంలోనే ఎలీట్ హాల్ అనే టీ హోటల్ తెరిచాడు. 1902లో ఇక్కడి తన ఆఫీసులోనే ఒక దొంగ అతని మీద దాడి చేశాడు. పూర్తిగా కోలుకోకుండానే మరుసటి ఏడాది చనిపోయాడు. రాణి పేరుతో కట్టిన ఈ భవనంలో జనం బాగా గుర్తు పెట్టుకున్న తొలి వ్యాపారి ఒక వలస మనిషి కావడం గమనించదగ్గ విషయం.

అందంగా ఉంది, అద్దె రాలేదు

భవనం నచ్చినంతగా లెక్కలు నచ్చలేదు. తెరిచిన కొద్ది కాలానికే నగరపాలక సంస్థకు దిగులు పట్టుకుంది. పెట్టిన డబ్బుకు తగ్గ అద్దెలు రావడం లేదు. టోకు కూరగాయల వ్యాపారం క్రమంగా నగరంలోనే హేమార్కెట్ అనే పేట వైపు తరలిపోయింది.

కారణం అర్థం కావాలంటే చిన్న లెక్క వేద్దాం. 190 ఇంటూ 30 అంటే ఒక్కో అంతస్తుకు దాదాపు 5,700 చదరపు మీటర్లు. ఈ భవనం గొప్పతనమంతా మధ్యలో వదిలిన ఖాళీలో ఉంది. పైకప్పు గాజులోంచి దిగిన వెలుతురు అన్ని అంతస్తులు దాటి నేల దాకా వస్తుంది. ఉదాహరణకు ఆ ఖాళీ 8 మీటర్ల వెడల్పు, 150 మీటర్ల పొడవు అనుకుందాం. అంటే అంతస్తుకు 1,200 చదరపు మీటర్లు, మొత్తంలో అయిదో వంతుకు కాస్త ఎక్కువ. మూడు అంతస్తులకు కలిపి 3,600. (ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలే, కొలిచినవి కావు.) చూడటానికి వచ్చినవాడికి అది వెలుతురు. ఖాతాలు రాసే గుమాస్తాకు మాత్రం అది అద్దె రాని జాగా.

ఆ గుమాస్తా చూపే తర్వాతి అరవై ఏళ్ళు భవనాన్ని నడిపించింది.

ఖాళీని పూడ్చారు, వెలుతురు పోయింది

1917లో పెద్ద మార్పులు మొదలయ్యాయి. కింది అంతస్తులో మధ్యనుండే నడవను తీసేసి, దుకాణాల మొహం వీధుల వైపు తిప్పారు. పైన ఖాళీగా వదిలిన చోట్ల నేల వేసి గదులు పెంచారు. 1918లో పేరులోంచి "మార్కెట్స్" అన్న మాట పోయి ఉత్త "క్వీన్ విక్టోరియా బిల్డింగ్" మిగిలింది. బజారు కాని దాన్ని బజారనడం ఎందుకనుకున్నారు కాబోలు. కచేరీ హాలు నగర గ్రంథాలయంగా మారింది. సంగీతం వినడానికి కట్టిన చోట "నిశ్శబ్దం పాటించండి" అన్నమాట.

రెండో విడత మార్పులు 1930లలో వచ్చాయి. ఈసారి వచ్చిన అద్దెదారు చిన్నవాడు కాదు. నగరానికి కరెంటు సరఫరా చేసే శాఖ, 1935లో ఏర్పడిన సిడ్నీ కౌంటీ కౌన్సిల్. మన భాషలో చెప్పాలంటే కరెంటాఫీసు. 1934, 1938 మధ్య దాని అవసరాలకు తగ్గట్టు భవనంలో చాలా భాగాన్ని మార్చేశారు. ఆ రోజుల ఫ్యాషన్ ఆర్ట్ డెకో: నున్నటి గీతలు, తక్కువ నగిషీ. కింది అంతస్తుల మొహానికి ఆ కొత్త మేకప్ వేశారు. పైన 1890ల కమానులు, కింద 1930ల గాజు పలకలు.

ఇప్పటి కళ్ళతో చూస్తే ఇది పాడు చేయడమే. అప్పటి ఇంజినీరును అడిగితే "నష్టాల్లో ఉన్న భవనానికి నికరమైన కిరాయిదారుడిని తెచ్చాం" అని చెప్పేవాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

కూల్చేద్దాం అన్నప్పుడు ఎవరు అడ్డుపడ్డారు?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విక్టోరియా కాలపు భవనాలంటే చాలామందికి దుమ్ము, చీకటి, పాతకాలపు గొప్ప. 1959లో లార్డ్ మేయర్ హ్యారీ జెన్సెన్ ఒక ప్రతిపాదన పెట్టాడు: క్యూవీబీని పడగొట్టేద్దాం, ఆ స్థలంలో విశాలమైన చౌక్ వేద్దాం, దాని కింద కార్ల పార్కింగ్ కడదాం.

ఇప్పుడు వింటే గుండె ఝల్లుమంటుంది కానీ, ఆ వాదన తెలివితక్కువది కాదు. నగరం మధ్య ఇరుకు వీధుల్లో జనం కాసేపు కూర్చోవడానికి చోటు లేదు. పక్కనే టౌన్ హాల్ ఉంది, దాని ముందు ఖాళీ జాగా ఉంటే బాగుంటుంది. భవనం ఆదాయం అంతంతమాత్రం. ఆర్కిటెక్టుల్లో కూడా చాలామంది ఒప్పుకున్నారు. బహిరంగ స్థలం గొప్పదా, పాత భవనం గొప్పదా అన్న ప్రశ్నకు అప్పట్లో జవాబు స్పష్టంగా లేదు, నిజం చెప్పాలంటే ఇప్పటికీ లేదు.

మరి ఎందుకు కూల్చలేదు? ఇక్కడే కథ తమాషాగా తిరుగుతుంది. భవనాన్ని "పాడు చేసిన" కరెంటాఫీసు ఇంకా అందులోనే ఉంది. దాని ఉద్యోగులకు, కౌంటర్లకు, కాగితాలకు వేరే చోటు దొరికేదాకా పలుగు దించడానికి వీల్లేదు. కొత్త ఆఫీసు సిద్ధమయ్యేసరికి 1960లు దాదాపుగా గడిచిపోయాయి. ఆ గడువులో ఊరి మనసు మారింది.

ఎంతగా మారిందంటే, 1971లో సిడ్నీలోని కెలీస్ బుష్ అనే పొదల అడవిని చదును చేయడానికి కట్టుబడి కార్మికుల యూనియనే నిరాకరించింది. తర్వాత పాత పేట ది రాక్స్‌లో కూడా అదే పని చేసింది. వీటికి గ్రీన్ బ్యాన్‌లని పేరు. కూల్చి కట్టడమే బతుకుదెరువైనవాళ్ళు కూల్చం అన్నారు. అదే 1971లో లార్డ్ మేయర్ ఎమెట్ మెక్‌డర్మట్ క్యూవీబీని నిలబెడతామని ప్రకటించాడు. 1974లో నేషనల్ ట్రస్ట్ దాన్ని తన వర్గీకరణలో చేర్చింది.

తేదీలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. నిలబెడతామన్న మాట 1971లో వచ్చింది. రాష్ట్రంలో హెరిటేజ్ చట్టం 1977లో వచ్చింది. క్యూవీబీ రాష్ట్ర వారసత్వ పట్టికకు ఎక్కింది 2010 మార్చిలో. అంటే గండం గడిచిన రోజున చట్టమే లేదు. భవనాన్ని పట్టిక కాపాడిందని ఎవరైనా అంటే అది సగం నిజం కూడా కాదు. ఒక మొండి కిరాయిదారు కొంత కాలం కాపాడాడు, మారిన ప్రజాభిప్రాయం ఇంకొంత కాపాడింది. పట్టిక వచ్చి ఆ కాపాడిన దాన్ని ఇక చెడగొట్టకుండా చూస్తోంది.

నిలబెడతాం సరే, డబ్బెవరిది?

ప్రకటన చేయడం తేలిక. 1970ల్లో ఏళ్ళకేళ్ళు భవనం అలాగే బూజు పట్టి ఉంది. బాగుచేయడానికి నగరపాలక సంస్థ దగ్గర డబ్బు లేదు, అమ్మేస్తే జనం ఊరుకోరు. చివరికి దొరికిన దారి దీర్ఘకాలిక లీజు. మలేషియాకు చెందిన ఇపో గార్డెన్ అనే కంపెనీతో 1983లో 99 ఏళ్ళ ఒప్పందం కుదిరింది. భవనం నగరానిదే. బాగుచేసే ఖర్చు కంపెనీది. బాగుచేశాక షాపుల అద్దెలు వసూలు చేసుకునే హక్కు కూడా కంపెనీదే.

99 ఏళ్ళు మరీ ఎక్కువ కదా అనిపిస్తుంది. ఊహించిన అంకెలతో చూద్దాం. మరమ్మతుకు 8 కోట్ల డాలర్లు అవుతాయనుకోండి. షాపుల మీద ఖర్చులు పోగా ఏటా 40 లక్షలు మిగులుతుందనుకోండి. వడ్డీ సంగతి పక్కన పెట్టినా అసలు తిరిగి రావడానికే 20 ఏళ్ళు పడుతుంది. పదేళ్ళ లీజు ఇస్తామంటే సగం డబ్బు నీళ్ళపాలు, అలాంటి బేరానికి ఎవరూ రారు. ముప్ఫై ఏళ్ళ లీజైతే రావచ్చు, కానీ ఇరవయ్యో ఏట నుంచి భవనం మీద పైసా పెట్టరు, ఎలాగూ వదిలేసి పోయేదే కదా అనుకుంటారు. కాలం ఎంత పొడుగైతే కిరాయిదారు అంతగా ఇల్లుగలవాడిలా ఆలోచిస్తాడు. ఇదీ దాని వెనక తర్కం.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. 99 ఏళ్ళంటే మూడు నాలుగు తరాలు. ప్రజల ఆస్తి మీద నిర్ణయాలు అన్నాళ్ళు ఒక వ్యాపార సంస్థ చేతిలో ఉంటాయి. ఎవరు లోపలికి రావాలో గేటు కాపలా వాడు చెప్పడు కానీ, షాపుల ధరలు చెబుతాయి. ఒకప్పుడు కూరగాయలు కొన్న చోట ఇప్పుడు ఖరీదైన బ్రాండ్లు కొనేవాళ్ళకే పని ఉంటుంది. లీజును సమర్థించేవాళ్ళు దీనికి ఒకటే జవాబు చెబుతారు: ఏమీ కొనకుండా ఆ నడవల్లో తిరిగి గుమ్మటం కింద నిలబడి పైకి చూసేవాళ్ళు రోజూ ఉన్నారు, భవనం కూలిపోయి ఉంటే అదీ ఉండేది కాదు.

లీజు హక్కులు తర్వాత చేతులు మారాయి. కొన్నాళ్ళు అవి సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ జీఐసీ, ఆస్ట్రేలియా మాల్ కంపెనీ విసినిటీ సెంటర్స్ దగ్గర ఉన్నాయి. 2022లో జీఐసీ వాటా హాంకాంగ్‌కు చెందిన లింక్ రీట్ అనే సంస్థకు వెళ్ళింది.

బాగుచేశారా, కొత్తగా కట్టారా?

1984 నుంచి 1986 దాకా పని జరిగింది. 1917లో, 1930లలో లోపల పోసిన నేలలు, అడ్డుగోడలు తీసేశారు. మధ్య ఖాళీ మళ్ళీ తెరుచుకుంది, వెలుతురు నేల దాకా దిగింది. సమస్య ఏమిటంటే, లోపలి అసలు పనితనం అప్పటికి చాలావరకు పోయింది. ఇక్కడో మెట్టు, అక్కడో గచ్చు ముక్క, ఇంకో మూల కమ్మీ. మిగిలిన తునకలను చూసి మిగతావి కొత్తగా చేయించాల్సి వచ్చింది. వీటితో పాటు 1898లో ఎవరూ ఊహించనివి కూడా చేరాయి: ఎస్కలేటర్లు, ఏసీ, టౌన్ హాల్ రైల్వే స్టేషన్‌కు భూగర్భ దారి, పక్కన యార్క్ స్ట్రీట్ కింద కార్ల పార్కింగ్. జెన్సెన్ కోరిన పార్కింగ్ వచ్చింది, భవనం పోలేదు.

దీన్ని ఏమనాలి? ఈ రంగంలోవాళ్ళు బర్రా చార్టర్ అనే పత్రం తీసి చూస్తారు. 1979లో దక్షిణ ఆస్ట్రేలియాలోని బర్రా అనే పాత గనుల ఊళ్ళో ఒప్పుకున్న మార్గదర్శకాలవి. అవసరమైనంత మార్చాలి, వీలైనంత తక్కువ మార్చాలి అన్నది దాని మూల సూత్రం. అందులో మూడు మాటలను విడివిడిగా చెప్పారు, మనం మాత్రం అన్నిటినీ "బాగుచేయడం" అనేస్తాం.

ఇంట్లో ఉదాహరణతో చూద్దాం. తాతల నాటి తలుపు మీద ఎవరో పచ్చరంగు పూశారు. ఆ రంగు గీకేసి అసలు చెక్కను బయటికి తెస్తే అది పునరుద్ధరణ: కొత్త పదార్థం చేర్చలేదు, మీద పడినది తీశాం. తలుపు రెండో రెక్క పోయింది, ఉన్న రెక్కను చూసి కొత్త చెక్కతో అలాంటిదే చేయించాం. అది పునర్నిర్మాణం. ఆ తలుపుకు కొత్త తాళం, కాలింగ్ బెల్ పెట్టాం. అది అనుసరణ, అంటే ఇప్పటి వాడకానికి తగ్గట్టు మలచడం.

క్యూవీబీలో మూడూ జరిగాయి. అడ్డుగోడలు తీయడం పునరుద్ధరణ, గచ్చులూ మెట్లూ మళ్ళీ చేయించడంలో ఎక్కువ భాగం పునర్నిర్మాణం, ఎస్కలేటర్లు అనుసరణ. అందుకే ఈ రంగంలో కొందరు పెదవి విరుస్తారు: బయటి గోడలు, గుమ్మటం అసలువే కానీ లోపల మనం మురిసిపోయే పాతదనంలో చాలా భాగం వయసు నలభై ఏళ్ళే కదా అంటారు. ఇంకో రకం అభ్యంతరం కూడా ఉంది. 1930ల కరెంటాఫీసు కూడా చరిత్రే. దాని ఆర్ట్ డెకో పనిని తీసేసి 1898కి వెళ్ళడమంటే, చరిత్రలో మనకు నచ్చిన పేజీ ఉంచుకుని నచ్చని పేజీ చించేయడం కాదా?

ఈ రెండో అభ్యంతరం నాకు గట్టిగానే తగిలింది. భవనాన్ని కూల్చకుండా ఆపింది ఆ కరెంటాఫీసే కదా. ఇంత చేసిన కిరాయిదారు గుర్తులే బాగుచేసేటప్పుడు అన్నిటికంటే ముందు చెత్తబండి ఎక్కాయి. అయితే మధ్య ఖాళీని పూడ్చిన ఆ నేలలను అలాగే ఉంచి ఉంటే షాపులు రావు, షాపులు రాకపోతే లీజు లేదు, లీజు లేకపోతే డబ్బు లేదు. ఆ ముడి విప్పడానికి 1983లో ఇంకో దారి ఉందని మాత్రం నేను వాదించలేను.

2008, 2009లో మళ్ళీ ఒక విడత పని జరిగింది. మధ్య నడవలో కొత్త ఎస్కలేటర్లు, కొత్త రంగులు వచ్చాయి. వెలుతురు కోసం తెరిచిన ఖాళీలోనే యంత్రాలు పెడతారా అని కొందరు విమర్శించారు. పై అంతస్తులకు జనం ఎక్కకపోతే అక్కడి షాపులు మూతపడతాయని నిర్వాహకుల వాదన. 1898 నాటి గుమాస్తా దిగులే ఇది, కాస్త వేషం మార్చుకుని వచ్చింది.

పట్టికలో ఉన్నా బతకని భవనం

ముంబైలో ఎస్ప్లనేడ్ మాన్షన్ అని ఒకటుంది. ఒకప్పటి వాట్సన్స్ హోటల్. 1860లలో ఇనుప భాగాలను ఇంగ్లండ్‌లో పోతపోసి, ఓడల్లో తెచ్చి ఇక్కడ బిగించారు. 1896 జులై 7న లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలను మన దేశంలో మొదటిసారి చూపించింది అక్కడే. ముంబై నగరం 1995లోనే వారసత్వ కట్టడాలకు నిబంధనలు తెచ్చింది, ఈ భవనం అక్కడి పట్టికలో రెండో శ్రేణి ఏ వర్గంలో ఉంది. అయినా 2005లో ముందు భాగం కొంత కూలి ఒకరు చనిపోయారు.

హోటల్ మూతపడ్డాక దాన్ని చిన్న చిన్న గదులుగా చీల్చి ఇళ్ళకూ ఆఫీసులకూ ఇచ్చేశారు. అద్దె నియంత్రణ చట్టం వల్ల కిరాయిలు ఏనాటివో అక్కడే ఆగిపోయాయి. యజమానికి వచ్చే అద్దెతో సున్నం వేయించడం కూడా కష్టం, కిరాయిదారు తనది కాని గోడ మీద డబ్బు పెట్టడు. కూల్చడానికి వీల్లేదని పట్టిక చెప్పగలదు, బాగుచేయడానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలో మాత్రం చెప్పలేదు. చివరికి భవనం ఖాళీ అయింది, పడగొట్టాలా నిలబెట్టాలా అన్న తగువు కోర్టుకెక్కింది.

ఈ రెండింటిలో ఒకటి మంచి నగరం, ఇంకొకటి చెడ్డ నగరం అని తేల్చేయడం తప్పు. క్యూవీబీకి మొదటి నుంచీ యజమాని ఒక్కడే, పెద్ద కిరాయిదారు కూడా దాదాపు ఒక్కడే. ఎస్ప్లనేడ్‌లో ఖాళీ చేయించాల్సిన తలుపులు లెక్కలేనన్ని, ఆ తలుపుల వెనక ఉన్నవి మనుషుల బతుకులు.

ఈరోజు అక్కడ ఏం చేయొచ్చు?

మళ్ళీ మొదటి సందేహానికి వద్దాం. క్యూవీబీలో ఒకాయన కాఫీ షాపు పెట్టాడనుకోండి. తుడవడం, పాలిష్, పాడైన బల్బు మార్చడం లాంటివి మామూలు నిర్వహణ, మినహాయింపుల కిందికి వస్తాయి. షాపు లోపల తను తెచ్చుకున్న కౌంటర్ మార్చుకోవడం కూడా పెద్ద విషయం కాదు, గోడకు దెబ్బ తగలకుండా రేపు విప్పేసుకునేలా ఉంటే. పాత కిటికీ అద్దం మీద బోర్డు బిగిస్తానంటే మాత్రం కాగితాలు కదలాలి. రెండు షాపుల మధ్య గోడ పడగొట్టి ఒకటి చేస్తానంటే ముందు ఆ గోడ వయసెంతో తేలాలి. 1898 నాటిదైతే ఒక జవాబు, 1986 నాటిదైతే ఇంకో జవాబు. కాఫీ మానేసి పుస్తకాలు అమ్ముతానంటే? వారసత్వ కోణంలో అడిగేవాళ్ళు దాదాపు ఉండరు. పట్టిక చూసేది రాయినీ రూపాన్నీ, అమ్మే సరుకును కాదు.

ఈ భవనంలో అద్దె కట్టకుండా ఉంటున్నవి కూడా ఉన్నాయి. టౌన్ హాల్ వైపు గుమ్మం ముందు కూర్చున్న విక్టోరియా విగ్రహం సిడ్నీది కాదు. జాన్ హ్యూజ్ మలిచిన ఆ విగ్రహాన్ని 1908లో డబ్లిన్‌లో పెట్టారు. ఐర్లండ్ స్వతంత్రమయ్యాక, 1940ల చివర్లో దాన్ని తీసి ఏళ్ళ తరబడి మూల పడేశారు. క్యూవీబీ బాగైన రోజుల్లో రాణి బొమ్మ ఎక్కడైనా దొరుకుతుందా అని వెతికి పట్టుకొచ్చారు. ఒక ఊరు వద్దనుకున్న విగ్రహం ఇంకో ఊళ్ళో సెల్ఫీల చోటైంది.

రెండోది ఒక ఉత్తరం. 1986లో రెండో ఎలిజబెత్ రాణి సిడ్నీ ప్రజలకు రాసి, సీలు వేసి ఇచ్చింది. ఆ ఉత్తరాన్ని ఈ భవనంలోనే భద్రపరిచారు. అందులో ఏముందో బయటివాళ్ళకు తెలియదు. 2085లో తగిన రోజు చూసి అప్పటి లార్డ్ మేయర్ దాన్ని తెరిచి చదవాలి.